సి విటమిన్ వెయ్యి బిళ్ల: ఒంటికి పడుతోందా, ఒంటేలులో పోతోందా?

గుణుపురం కోడలు
మా అత్తగారికి 68 ఏళ్లు. చలి మొదలైతే చాలు, జలుబూ దగ్గూ వదలవు. మందుల షాపులో అడిగితే నీళ్లలో వేస్తే పొంగే సి విటమిన్ బిళ్లలు ఇచ్చారు. వెయ్యి మిల్లీగ్రాములవి, రోజుకొకటి. మావయ్యగారేమో "అదంతా ఒంటేలులో పోద్ది, డబ్బులు దండగ, ఉసిరికాయ పెట్టు" అని గొడవ. ఆవిడ ఐరన్ బిళ్ల కూడా వేసుకుంటారు. ఎవరి మాట వినమంటారు?

పర్లాకిమిడి మాస్టారు
అమ్మా, మీ మావయ్యగారిదే సరైన మాట. పేగులో సి విటమిన్‌ను లోపలికి మోసే వాహకాలు పరిమితంగానే ఉంటాయి. రోజుకు 30 నుంచి 180 మి.గ్రా. తీసుకుంటే 70–90 శాతం పడుతుంది. గ్రాము దాటితే సగం కూడా పట్టదు. 1996లో అచ్చయిన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధన ఉంది. ఏడుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను ఆసుపత్రిలోనే ఉంచి, 30 నుంచి 2,500 దాకా మోతాదు పెంచుకుంటూ పోయి, రక్తం, మూత్రం కొలిచారు. ఒకేసారి 200 ఇస్తే మొత్తం పట్టింది. 1,250 ఇస్తే సగం లోపే. తెల్ల రక్తకణాలైతే రోజుకు 100 దగ్గరే నిండిపోయాయి. మన దేశంలో 2020లో సవరించిన సిఫారసు రోజుకు ఆడవాళ్లకు 65 మి.గ్రా., మగవాళ్లకు 80. వెయ్యి దేనికమ్మా?

షట్టర్ శీను, రాయగడ
నమస్కారం మాస్టారూ. మీరు లెక్కలు చెప్పినవారే కదా? వెయ్యిలో సగం పడితే ఐదొందలు. రెండొందలు మొత్తం పడినా రెండొందలే. ఐదొందలు ఎక్కువా, రెండొందలు ఎక్కువా? ఇంతే నా ప్రశ్న.

బరంపురం బాచి
శీనన్న పాయింటు పట్టేశాడు.

పర్లాకిమిడి మాస్టారు
పాయింటు కాదు, సగం చదువు. లోపలికి వెళ్లినంత మాత్రాన నిలుస్తుందా? మూత్రపిండాలు ఏం చేస్తున్నట్టు? అదే పరిశోధనలో 500, ఆ పైన ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరినదంతా దాదాపు మూత్రంలోనే తేలింది. రోజుకు 400 దాటాక రక్తంలో మట్టం పెద్దగా పెరగదు.

షట్టర్ శీను, రాయగడ
అంటే లోపలికి ఎల్తున్నాదని ఒప్పుకున్నట్టే కదా! మొదట "పట్టదు" అన్నారు, ఇప్పుడు "నిలవదు" అంటన్నారు. ముందు ఒక మాట మీద నిలబడండి.

పర్లాకిమిడి మాస్టారు
రెండూ నిజమే నాయనా. ముందు పేగు దగ్గర కొంత ఆగిపోతుంది, దాటి వెళ్లినదాన్ని మూత్రపిండం వదిలేస్తుంది. ఇందులో మాట మార్చింది ఎక్కడ?

షట్టర్ శీను, రాయగడ
500 > 200. దీనికి జవాబు రాలేదు.

రక్తపరీక్ష
మధ్యలో ఒక మాట. సి విటమిన్ బాగా ఎక్కువ మోతాదులో వాడితే కొన్ని రకాల షుగరు మిషన్లు తప్పు అంకె చూపిస్తాయి. ఇంట్లో వేలు గుచ్చుకుని చూసుకునేవాళ్లు గుర్తుంచుకోండి.

కొండమీద సిస్టరు
నైటు డ్యూటీలో ఉన్నాను, కాస్త పెద్దగానే రాస్తాను. శీనుగారూ, సంత రోజు నౌపడ వెళ్లే బండి ఎక్కారా ఎప్పుడైనా? పదిమంది ఉంటే అందరూ ఎక్కుతారు. రెండొందల మంది ఒకే తలుపు దగ్గర తోసుకుంటే సగం మంది ప్లాట్‌ఫారం మీదే. పేగులో మిగిలిపోయిన మందు అలాగే కిందికి దిగి నీళ్లు లాగుతుంది. వెయ్యి, రెండువేలు మింగినవాళ్లకి కడుపు ఉబ్బరం, విరేచనాలు అందుకే. అంత కావాలనుకున్నా రెండు పూటలుగా చేసుకుంటే నయం.

ఇక జలుబు. 2013లో 29 ప్రయోగాలు, 11 వేల మందికి పైగా జనం లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. రోజూ వేసుకున్నా మామూలు మనుషులకి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దవాళ్లలో 8 శాతం, పిల్లల్లో 14 శాతం తొందరగా తగ్గింది, అంతే. ముక్కు కారడం మొదలయ్యాక బిళ్ల అందుకుంటే ఫలితం స్థిరంగా కనపడలేదు. మారథాన్ పరుగెత్తేవాళ్లకి, మంచులో తిరిగే సైనికులకి మాత్రం జలుబులు సగానికి తగ్గాయి. మీ అత్తగారు సైనికురాలు కాదనుకుంటాను.

మాస్టారూ, మీకూ ఒక మాట. "ఉసిరి తిను, జామ తిను" అనడం టౌన్లో తేలిక. నా ఆరోగ్య సెంటరుకి వచ్చే ఆడవాళ్లు జామకాయలు గంపకెత్తి సంతలో అమ్మి, ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని, ఇంట్లో అన్నం నీళ్లు తాగి పడుకుంటారు. చుట్ట తాగేవాళ్లకి ఈ విటమిన్ ఇంకా ఎక్కువ కావాలి, వాళ్లకే అందదు. వాళ్లకి చిన్న బిళ్ల దండగ కాదు.

బరంపురం బాచి
ఇప్పుడు ఒళ్లు తెల్లబడ్డానికని సి విటమిన్ డ్రిప్పు పెడతన్నారు కదా. నేరుగా నరంలోకే. పేగు గొడవే ఉండదు!

కొండమీద సిస్టరు
ఆ సరదా వద్దు బాబూ. జీ సిక్స్ పీడీ అని ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైము ఒకటుంది, పుట్టుకతో దాని లోపం ఉన్నవాళ్లకి నరంలోకి పెద్ద మోతాదు ఎక్కిస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయి. మన మలేరియా జిల్లాల్లో ఆ లోపం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. మలేరియా మందు ప్రైమాక్విన్ ఇచ్చేముందు మేం జాగ్రత్త పడేది కూడా దానికే.

పర్లాకిమిడి మాస్టారు
సిస్టరమ్మ చెప్పిన పేదల మాట కాదనను. నేను మాట్లాడేది కొనుక్కోగలవాళ్లకి అంటగడుతున్న వెయ్యి గురించి. మా తోడల్లుడు ఒక షాపువాడి మాట నమ్మి ఏడాది పొడుగునా వెయ్యి బిళ్ల వాడాడు. కిడ్నీలో రాయి. అర్ధరాత్రి విశాఖ పరుగెత్తాం. ఈ విటమిన్ ఒంట్లో కొంత ఆక్సలేటుగా మారుతుంది, రాళ్లకి అదే ముడిసరుకు. స్వీడన్ మగవాళ్ల మీద చేసిన పరిశీలనలో ఈ బిళ్లలు వాడినవాళ్లకి రాళ్ల ముప్పు దాదాపు రెండింతలు కనపడింది. ఆ షాపువాడు ఇప్పటికీ అవే అమ్ముతున్నాడు.

షట్టర్ శీను, రాయగడ
ఎవరిని అంటన్నారో అర్థమైందిలెండి. మీ తోడల్లుడు ఎండలో కాంట్రాక్టు పనులు చేయించుకుంటూ పొద్దుగూకేదాకా చెంబుడు నీళ్లు తాగడు. ఆ సంగతి రాయరేం? రాయి బిళ్లదా, నీళ్లదా అని కోసి చూశారా?

పర్లాకిమిడి మాస్టారు
నిరూపించలేను. ముప్పు పెరుగుతుందన్నాను, అంతే. కానీ అమ్మేముందు "రాళ్ల జబ్బు ఎప్పుడైనా వచ్చిందా" అని ఒక్క మాట అడగాలి కదా? నీ దగ్గర ఏ డాక్టరు చీటీ ఉందని ఏడాది పొడుగునా ఇచ్చావు?

షట్టర్ శీను, రాయగడ
చీటీనా? రాత్రి పదకొండింటికి పిల్లాడికి జొరమొస్తే ఎవరి తలుపు కొడతారు మాస్టారూ? నా షట్టరే. పెద్దాసుపత్రిలో పొద్దున్న లైన్లో నిలబడితే మధ్యాన్నం, అక్కడ ఒడియాలో అడిగితే మనోళ్లు సగం మందికి నోరు పెగలదు. తెలుగులో చెప్పుకుంటే వినేవాడు నేనొక్కడినే. ఇన్నేళ్లూ అప్పుకి మందులిచ్చిన చేతిని ఇప్పుడు "అంటగట్టాడు" అంటే మండదా?

పర్లాకిమిడి మాస్టారు
శీనూ, నా బాధ కూడా అదే. డాక్టరు మాట జవదాటే మనిషి నీ మాట జవదాటడు. ఆ నమ్మకం చూసుకుని 65 చాలిన చోట వెయ్యి చేతిలో పెడుతున్నావు. పేగులో ఎంత శాతం పట్టిందన్నది కాదయ్యా నా పేచీ.

షట్టర్ శీను, రాయగడ
వంద మి.గ్రా. బిళ్లలు కూడా తెప్పించాను. ఎవడూ ముట్టుకోలేదు. "వెయ్యి లేదా" అని పక్క షాపుకి పోయారు. డేటు దాటి పారబోసుకున్నాను. ఆ నష్టం మీ పరిశోధనలో రాశారా?

బరంపురం బాచి
మాస్టారూ, శీనన్నా, ఇద్దరూ కొంచెం మంచినీళ్లు తాగండి. రాళ్లకీ మంచిదట.

గుణుపురం కోడలు
ఇదంతా ఇంట్లో చదివి వినిపించాను. మావయ్యగారు మాస్టారి పార్టీ, అత్తగారు శీనుగారి పార్టీ. ఉసిరి పులుపని ఆవిడ నోట పెట్టరు. ఇంకో సంగతి, ఆవిడకి బీపీ ఉంది. పొంగే బిళ్లలో ఉప్పు ఉంటుందంటున్నారు, నిజమేనా?

కొండమీద సిస్టరు
నిజమే. పొంగడానికి సోడా కలుపుతారు, దానితో సోడియం వస్తుంది. బీపీ ఉన్నావిడకి రోజూ అది వద్దు, ఆపేయండి. మంచి జామపండు నూరు గ్రాముల్లో 200 మి.గ్రా. దాకా ఉంటుంది, అర పండు చాలు. గింజలు పంటికి తగిలితే తీసేసి పెట్టండి. ఐరన్ బిళ్ల ఆ పండుతోనో నిమ్మరసంతోనో వేయండి, ఇనుము బాగా పడుతుంది. టీతో మాత్రం మింగనివ్వకండి. జలుబు అలాగే వదలకపోతే ఛాతీ చూపించండి, ఇక్కడ అడగడం కాదు.

షట్టర్ శీను, రాయగడ
విప్పిన బిళ్లల గొట్టం వాపసు తీసుకోను. ముందే చెప్తన్నాను.