చిన్నపిల్లలకు క్రిస్మస్ తాత: మాల్‌కు తీసుకెళ్లాలా, ఇంటికే పిలిపించాలా?

ప్రశ్న (కడప, ఎర్రముక్కపల్లి)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు పన్నెండు మంది. చిన్నోళ్లకు రెండేళ్లు, పెద్దోళ్లకు ఎనిమిది. ఈసారి అందరికీ కలిపి క్రిస్మస్ తాతను చూపిద్దామని అనుకుంటున్నాం. మాల్‌లో అయితే పిల్లకు 300 టికెట్టు, ఒక ఫోటో, చిన్న గిఫ్టు ఇస్తారంట. ఈవెంట్ వాళ్లు ఇక్కడికే వచ్చి గంటకు 6,000 అంటున్నారు, అందులో బెలూన్ల ఆర్చి, స్నో స్ప్రే, సౌండు, తాత అన్నీ కలిపే. ఇంటింటికీ పాటలు పాడుతూ తాతతో వచ్చే చర్చి క్యారల్స్ వాళ్లను పిలిస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. డబ్బులు వృథా కాకూడదు, పిల్లలు జడుసుకోకూడదు. ఏది మేలో చెప్పండి.

జవాబు (కర్నూలు, పుట్టినరోజు ఫంక్షన్లకు డెకరేషన్ చేసేవారు)

అన్నా, టికెట్టు ఎంత అని కాదు, తాత దగ్గర ఒక్కో పిల్లకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయో అడగండి. సెలవు రోజు మాల్‌లో లైను పొడుగ్గా ఉంటే, పిల్ల కూర్చునేలోపే ఫోటో తీసి దించేస్తారు. పన్నెండు మందికి 3,600, పైన ఆటోలు, అక్కడ తినేవి, ఆడేవి. ఆ లెక్కన ఇంటికి పిలిపించుకోవడానికి, దానికి పెద్ద తేడా ఉండదు.

ఇంటి దగ్గరైతే పిల్లకు మూడు నిమిషాల లెక్కన 36 నిమిషాలు. పాటలకు పది, గ్రూప్ ఫోటోకు ఐదు. గంటలోపే అయిపోతుంది. పదిహేను మందికి మించితే గంట చాలదు. అప్పుడు రెండు జట్లు చేయండి.

ఆ 6,000ని విడగొట్టి చెప్పమనండి: ఆర్చికి ఎంత, సౌండుకు ఎంత, తాత ఒక్కడికే అయితే ఎంత. ఎక్కువ డబ్బు పోయేది ఆర్చికే. రెండేళ్ల పిల్ల ఆర్చిని చూడదు. ఎర్ర బట్ట పరిచిన ఒక కుర్చీ, వెనక గోడకు ఒక సీరియల్ లైట్ల దండ ఉంటే సరిపోతుంది. మిగిలిన డబ్బుతో తాతను ఇంకో అరగంట ఉంచుకోండి.

బేరం కుదిరాక వాట్సాప్‌లో నాలుగు మాటలు రాయించుకోండి: ఎన్ని గంటలకు వస్తారు, ఎన్ని నిమిషాలు ఉంటారు, తాత వేసే మనిషి ఎవరు, బట్టలు ఎలాంటివి. అడ్వాన్సు మూడో వంతుకు మించి ఇవ్వొద్దు. డిసెంబర్ 23, 24, 25 తేదీల్లో ఒకే తాతను నాలుగైదు చోట్లకు ఒప్పుకుంటారు. మొదటి చోట ఆలస్యమైతే ఆఖరి ఇంటికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. పదిహేనో తేదీ అటూ ఇటూ పెట్టుకుంటే మనిషి నిమ్మళంగా ఉంటాడు, బేరం కూడా తగ్గుతుంది.

జవాబు (అనంతపురం, సండే స్కూల్ టీచర్)

బ్రదర్, జడుసుకునేది ముఖ్యంగా మూడేళ్లలోపు పిల్లలే. ముఖం కనపడని మనిషి, పెద్ద గొంతు, చేతిలో మోగే గంట, మూడూ ఒకేసారి మీద పడితే ఏడుస్తారు. ప్లాస్టిక్ మాస్కు ఉన్న తాతను అస్సలు ఒప్పుకోవద్దు. మాస్కులో కళ్లు కదలవు, నోరు కదలదు. పిల్లలకు అదే భయం. గడ్డం మాత్రమే పెట్టుకుని కళ్లు, బుగ్గలు కనపడే తాత కావాలి.

తాత వచ్చి పిల్లల మధ్యలోకి నడవకూడదు. పిల్లలు వచ్చేసరికే కుర్చీలో కూర్చుని, గంట పక్కన పెట్టేసి, ఒక పెద్ద పిల్లతో మాట్లాడుతూ ఉండాలి. ఎనిమిదేళ్లవాళ్లను ముందు పంపితే చిన్నోళ్లు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఏడుస్తున్న పిల్లను ఫోటో కోసం ఒడిలో కూర్చోబెట్టొద్దు. అమ్మ ఎత్తుకుని పక్కన నిలబడితే చాలు, ఫోటో అలాగే బాగుంటుంది. ముద్దు పెట్టమని, చెయ్యి పట్టుకోమని బలవంతం చేయొద్దు. ఏ పిల్లా తాతతో ఒంటరిగా ఉండకూడదు, తెలిసిన మనిషైనా సరే.

ఇంకో ముఖ్యమైన పని. ముందురోజే ఒక్కో పిల్ల గురించి ఒక చీటీ రాసి తాతకు ఇవ్వండి: ముద్దుపేరు, ఈ మధ్య నేర్చుకున్నది ఒకటి. "చిన్నీ, సైకిల్ తొక్కడం నేర్చుకున్నావంట కదా" అని తాత అంటే ఆ పిల్ల కళ్లు చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు, మాల్‌లో ఎంత ఇచ్చినా ఇది దొరకదు. "ఏం కావాలి?" అని మాత్రం అడిగించొద్దు. సైకిల్ అడిగిన పిల్లకు పెన్సిల్ డబ్బా వస్తే మూతి ముడుచుకుంటుంది.

జవాబు (కడప, మరియాపురం)

క్యారల్స్ గురించి నేను చెప్తా. డిసెంబర్ మొదలుకాగానే చర్చి యూత్‌వాళ్లు ఏ రోజు ఏ ఏరియా అని లిస్టు రాసుకుంటారు. పాస్టర్ గారికో యూత్ లీడర్‌కో ముందే చెప్తే ఇల్లు ఎక్కించుకుంటారు, వేరే మతం వాళ్లు పిలిచినా సంతోషంగా వస్తారు. రేటు అంటూ ఉండదు, కానుక కవర్లో పెట్టి ఇస్తారు, ఎంతన్నది మీ ఇష్టం.

తెలుసుకోవాల్సినవి రెండు. ఒక ఇంట్లో ఉండేది పది, పదిహేను నిమిషాలే, కాబట్టి పన్నెండు మందితో తీరిగ్గా మాట్లాడటం కుదరదు. రెండు, రౌండు అర్ధరాత్రి దాకా సాగుతుంది. మీ ఇల్లు ఆ రోజు మొదట్లో, ఏడు గంటలకే పెట్టమని అడగండి. డ్రమ్ము లోపలికి తేకుండా గేటు దగ్గరే వాయించమనండి, చిన్నోళ్లు దానికే ఎక్కువ బెదురుతారు. పాటల తర్వాత చిన్న ప్రార్థన ఉంటుంది. వాళ్లు వచ్చేదే దానికోసం, మధ్యలో ఆపొద్దు.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్. మా ఫ్లాట్స్‌లోనే ఒకాయన తాత వేస్తానంటున్నాడు. డ్రెస్సు ఎలా?

జవాబు (కర్నూలు, టైలర్)

ఒక్కసారికే అయితే స్కూల్ యాన్యువల్ డేలకు డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులో తీసుకోండి. తీసుకునేటప్పుడు చంకల దగ్గర వాసన చూడండి, గడ్డం విడిగా కొత్తది కొనండి. ప్రతి ఏడూ చేయాలనుకుంటే కుట్టించడమే లాభం. మీ కడప వై.వి. స్ట్రీట్‌లో ఎర్ర కాటన్ గుడ్డ చొక్కాకు రెండున్నర, పైజామాకు రెండున్నర, మొత్తం ఐదు మీటర్లు తీసుకోండి. వెల్వెట్ వద్దు. డిసెంబర్‌లో కూడా మనకు మధ్యాహ్నం 30 డిగ్రీల దాకా ఉంటుంది, లోపల దిండు కట్టుకున్న మనిషి అరగంటలో తడిసిపోతాడు. అంచులకు తెల్ల ఫర్ గుడ్డ, 60 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్నది అరమీటరు. నాలుగంగుళాల పట్టీలు కోస్తే నాలుగు వస్తాయి, అన్ని అంచులకూ సరిపోయి మిగుల్తాయి. ఫర్‌ను కత్తెరతో కోస్తే వెంట్రుక తెగి అంచు బోడిగా అవుతుంది. తిరగేసి, వెనక గుడ్డను మాత్రం బ్లేడుతో గీయాలి.

దిండు జారకుండా టవల్‌తో నడుముకు రెండు చుట్లు కట్టి, దానిపైన బెల్టు పెట్టండి. గడ్డంలో నోటి దగ్గర పెద్ద కంత ఉండాలి, లేకపోతే మాట వినపడదు, దూది నోట్లోకి పోతుంది. ఐదేళ్లు దాటిన పిల్లలు గుర్తుపట్టేది ముఖాన్ని కాదు, చేతివాచీ, ఉంగరం, చెప్పులు. తెల్ల గ్లౌజులు వేయించండి, పారగాన్ చెప్పులతో రానివ్వొద్దు, నల్ల బూట్లు ఉండాలి.

జవాబు (సండే స్కూల్ టీచర్)

గిఫ్టులు అందరికీ ఒకే సైజు, ఒకే రంగు కాగితం, పైన పేరు పెద్దగా. వయసును బట్టి లోపల మారిస్తే చాలు. నాలుగేళ్లలోపు వాళ్లకు గట్టి చాక్లెట్లు, పల్లీలు ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెరిసే లైట్ల బొమ్మల్లో బిళ్ల బ్యాటరీ ఉంటుంది. దాని మూతకు స్క్రూ లేకపోతే ఆ బొమ్మ కొనొద్దు, మింగితే గొంతు లోపల కాలిపోతుంది.

జవాబు (డెకరేషన్ చేసేవారు)

ఎగిరే బెలూన్లలో హైడ్రోజన్ నింపేవాళ్లు ఉన్నారు, కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటుంది. మామూలు గాలి బెలూన్లే గోడకు కట్టించండి. స్నో స్ప్రే కూడా మంట అంటుకునేదే, కళ్లలో పడితే మండుతుంది కూడా. అది వద్దని చెప్పి ఆ డబ్బు తగ్గించుకోండి. దూది గడ్డం ఉన్న మనిషి దగ్గర కొవ్వొత్తులు, కేకు మీద చిమ్మే మతాబా రెండూ పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు

అయితే పద్నాలుగో తేదీ సాయంత్రం ఐదున్నరకు సెల్లార్‌లో పెడతాం.

జవాబు (డెకరేషన్ చేసేవారు)

సెల్లార్ వద్దన్నా. గొంతు మారుమోగి చిన్నోళ్లు బెదురుతారు, ఫోటోలు కూడా నల్లగా వస్తాయి. పిట్టగోడ ఎత్తుగా ఉంటే టెర్రస్ మీద, లేదంటే కింద గేటు పక్క ఖాళీలో ఐదింటికే మొదలుపెట్టండి, వెలుతురు ఉండగానే ఫోటోలు అయిపోతాయి. కుర్చీ వీపు గోడ వైపు, తాత ముఖం వెలుతురు వైపు ఉండాలి. ఫోన్ పట్టుకున్న మనిషి మోకాళ్ల మీద కూర్చుని పిల్లల కళ్ల ఎత్తులో తీయాలి.