సమస్య: చితిని వీడి వచ్చి సినిమ చూసె

నల్లగొండ సార్:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం గడియారం దగ్గర చాయ్ తాగుతుంటే పక్క బెంచీ మీద నలుగురు పోరగాళ్లు కొట్టుకునేంత పని చేశారు. విషయం ఏందయ్యా అంటే, హీరోను విలన్ పొడిచి, తగలబెట్టి, బూడిద కూడా ఏట్లో కలిపాక వాడు క్లైమాక్సుకు ఎట్ల వస్తాడు అని. ఒకడు "హీరో కాబట్టి వస్తాడు" అంటాడు, ఇంకొకడు "టికెట్ పైసలు వాపస్ ఇయ్యమను" అంటాడు. ఇంటికొచ్చేదాకా అదే చెవిలో తిరిగి, చెప్పులు విడిచేలోపు ఈ పాదం తట్టింది.

చితిని వీడి వచ్చి సినిమ చూసె

ఆటవెలది నాలుగో పాదం. చితి మీది నుంచి లేచినవాడు ఇంటికి పోకుండా టాకీసుకు ఎందుకు పోయాడో పై మూడు పాదాలు మీరే పూరించి చెప్పాలి. కొత్తవాళ్ల కోసం మళ్లీ ఒకసారి: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (అంతకన్నా పెద్దవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని పొత్తు, ఇక్కడ చి, సి. "సినిమ ఏంది సార్" అని అడగబోయేవాళ్లకు ముందే జవాబు, మాలా మాల అయింది, సీతా సీత అయింది, సినిమా సినిమ కాకూడదా? "చూసె" వాడుక మాట, నచ్చనివాళ్లు "చూచె" అనుకోండి, గణం మారదు. పద్యం కింద ఈ మధ్య చూసిన సినిమాల మీద మీ మాట కూడా రెండు ముక్కలు రాయండి.

మిర్యాలగూడ మిల్లు:
మొదటి బోణీ నాదే.

శవపు వేషమేసి షాటు కాగానె తా
బూడిదంత కడిగి బువ్వ తినెను
కూలి డబ్బుతోడ కొనె టికెట్టొక్కటి
చితిని వీడి వచ్చి సినిమ చూసె

హీరో లేచి రావడం గురించి అందరూ రాస్తారు, నేను జూనియర్ ఆర్టిస్టును లేపిన. ఫైట్లో ఎగిరిపడే వంద మందిలో ఒక్కడి ముఖమన్నా మనకు గుర్తుంటదా సార్? ఇప్పటి యాక్షన్ సినిమాల్లో హీరో కన్నా వాళ్లే ఎక్కువ కష్టపడుతున్నరు. హీరో మెల్లగా నడుస్తడు, అంతే, వీళ్లు గాల్లో మూడు చుట్లు తిరగాలె.

నల్లగొండ సార్:
బాగుంది, చాలా బాగుంది. కూ–కొ యతి కూడా తేలిగ్గా పడింది. ఒకటే లోటు, "తా" అన్నావు గానీ ఎవడో చెప్పలేదు. కింద వచనంలో చెప్పావు కాబట్టి తెలిసింది, పద్యం ఒక్కటే చదివితే శవం వేషం వేసినవాడు పగటివేషగాడో నటుడో తెలియదు. "షాటు" అన్న మాట ఒక్కటే ఆదుకుంది.

సూర్యాపేట:
నాకు పద్యం రాదు, కోపం మాత్రం వస్తది. పుష్ప 2 చూసిన, 3 గంటల 20 నిమిషాలు. జాతర ఘట్టం దగ్గర నేను కూడా ఈల వేసిన, అబద్ధం ఎందుకు. కానీ మూడు గంటలు దాటినంక కూడా "మూడో భాగంలో కలుద్దాం" అంటే ఎట్ల? కల్కి 2898 ఏడీ కూడా అంతే, అసలు కథ రెండో భాగానికి దాచిపెట్టిండ్రు. ఇప్పటి పద్ధతి ఇదే అయింది సార్, చితి అంటించి లైట్లు వేస్తరు, వాడు లేచిండా లేదా అని రెండేండ్లు మనం ఎదురుచూడాలె. అంతలో ఫైటుకో ఎలివేషన్, దానికి చెవులు చిల్లులు పడే మ్యూజిక్. మా ఊరి ఒక హాల్లో అయితే సౌండ్ పెంచినప్పుడల్లా సీటు కింద రేకు మోగుతది.

గద్వాల:
సూర్యాపేట అన్నా, రేకు మోగితే డీటీఎస్ అనుకోవాలె. నాది కామెడీ పూరణ.

పండుగ సినిమాకు బంధుగణము నవ్వ
ఊరి చివరి దాక నురిమినట్లు
కాటిలోని శవము కంగారుగా లేచి
చితిని వీడి వచ్చి సినిమ చూసె

2025 సంక్రాంతికి ఊరికొచ్చిన చుట్టాలందరం కలిసి సంక్రాంతికి వస్తున్నాం సినిమా చూసినం. రెండు ట్రాక్టర్లు కట్టుకొని పోయినం అంటే నమ్మండి. కథ ఏముంది అంటే చెప్పలేను, ఆ బుల్లిరాజు పిల్లగాడు నోరు తెరిచినప్పుడల్లా మా అమ్మమ్మ కండ్లల్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఓటీటీ చూసి పిల్లలకు బూతులు వస్తున్నయని మా బాబాయి అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టిండు, ఆయన ఉపన్యాసానికి ఇంకా నవ్వినం.

నల్లగొండ సార్:
ఊహ అదిరింది. నవ్వుకు శవం లేవడం కాదు, కంగారుగా లేవడం బాగుంది. కానీ "నవ్వ" తర్వాత "ఊరి" అని విడిగా రాస్తే విసంధి దోషం, అంటే సంధి చేయాల్సిన చోట చేయకపోవడం. పాదం మారినా సంధి ఆగదు. "నవ్వ / నూరి చివరి దాక నురిమినట్లు" అని రాయి, నూ–ను యతి ఇంకా గట్టిపడుతుంది.

గద్వాల:
సార్, "నూరి" అంటే మా ఇంట్లో పచ్చడి గుర్తొస్తది. అయినా మార్చుకున్న.

పాలమూరు పిల్ల:
నేను సైన్స్ ఫిక్షన్ దిక్కు. మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే తిట్టకండి.

కాలయంత్రమెక్కి గతమునకే పోయి
తాత చితిని జేరి తట్టి లేపె
మనుమరాలి మాట మన్నించి యాతండు
చితిని వీడి వచ్చి సినిమ చూసె

మా తాతకు సినిమాలంటే పిచ్చి. పిల్లలమర్రి చూపిస్తానని నన్ను తీసుకపోయి, తిరిగొచ్చేటప్పుడు మ్యాట్నీకి తీసుకపోయేటోడు. ఇప్పటి గ్రాఫిక్సు చూడకుండనే పోయిండు.

నల్లగొండ సార్:
తల్లీ, మొదటిసారి అంటే నమ్మబుద్ధి కావట్లేదు. గణం, యతి ఒక్కచోట కూడా జారలేదు. "లేపె"కు కర్త మూడో పాదం దాకా రాదు, మనుమరాలు అని అప్పుడు తెలుస్తుంది. అది లోటు కాదు, ఆ ఆలస్యమే బాగుంది.

మిర్యాలగూడ మిల్లు:
పద్యం సూపర్ చెల్లే, కానీ లాజిక్ ఏది? గతానికి పోయినదానివి చితి దగ్గర ఎందుకు దిగినవ్? ఇంకో నాలుగు రోజులు వెనక్కి పోతే తాత మంచం మీద కూర్చొని చుట్ట తాగుతూ ఉండేటోడు కదా, చితి ముచ్చటే ఉండకపోవు.

పాలమూరు పిల్ల:
అన్నా, మిషన్లో డీజిల్ అంతవరకే ఉంది.

సూర్యాపేట:
హహ్హ. మా మిల్లు అన్నను నోరు మూయించిన మొదటి మనిషి నువ్వే.

దేవరకొండ పంతులు:
నవ్వులాట సరే, మిల్లు బాబు అడిగింది మాత్రం అసలైన ప్రశ్న. ఈగ సినిమా గుర్తు చేసుకోండి, 2012. హీరోను మొదట్లోనే చంపేస్తారు, ఈగై పుడతాడు, వ్యాయామం చేస్తాడు, పగ తీర్చుకుంటాడు. హాల్లో ఒక్కడన్నా "ఇదెట్ల" అని అడిగాడా? అడగలేదు. అదే కాలయంత్రం పెట్టారనుకోండి, మూడో తరగతి పిల్లవాడు కూడా "మరి వాడు వెనక్కి పోయి వాణ్నే కలిస్తే" అని మొదలుపెడతాడు. కామెడీలో శవం లేస్తే నవ్వుతాం, యాక్షన్‌లో లేస్తే ఈల వేస్తాం, సైన్సు అన్నామా ఇక లెక్క చెప్పమంటాం. శాస్త్రం పేరు ఎత్తినందుకు పడే జరిమానా అది. ఆదిత్య 369 ఇప్పటికీ నిలబడిందంటే దర్శకుడు సింగీతం వారు ఆ జరిమానా సరదాగా కట్టేశారు కాబట్టి. 1991లో వచ్చిన బొమ్మ, ఇటు రాయలవారి కాలం, అటు 2504, మధ్యలో వజ్రం దొంగతనం. యంత్రం ఎట్ల పనిచేస్తుందో నసపెట్టలేదు, మీట నొక్కారు, పోయారు. 2025 ఏప్రిల్లో మళ్లీ హాళ్లకు వస్తే మా మనుమణ్ని తీసుకుపోయాను, వాడు ఫోను బయటికి తీయలేదు. అంతకన్నా సర్టిఫికెట్ ఏముంటుంది. ఒకే ఒక జీవితం సినిమాలో హీరో అమ్మ కోసం 1998కి పోతాడు, అమ్మ బతికున్న రోజులకే పోతాడు. అందుకే అక్కడ మిల్లు బాబు ప్రశ్న పుట్టదు, ఏడుపే పుడుతుంది.

నకిరేకల్ తమ్ముడు:
సార్ నాది కల్కి మీద. యతి చూసుకున్న, గణాలు డౌటు.

అశ్వత్థామ వచ్చె నంతలో బయటికి
కాశి మిగిలె నొకటె కలియుగాన
ఆరువేల యేండ్ల కాయన యొక్కడే
చితిని వీడి వచ్చి సినిమ చూసె

అశ్వత్థామ వేషంలో అమితాబ్ లేచి నిలబడ్డప్పుడు హాల్లో రోమాలు నిలబడ్డయి సార్. ప్రభాస్ కామెడీ నాకు అంత ఎక్కలే, ఫస్టాఫ్ సాగింది. కానీ ఆ బండ్లు, ఆ కాశి, ఆ కాంప్లెక్సు, మనోళ్లు ఇంత తీయగలుగుతరా అనిపించింది. దర్శకుడు నాగ్ అశ్విన్ వాళ్ల పెద్దల ఊరు నాగర్‌కర్నూలు దిక్కు ఐతోలు, అందుకని కొంచెం ఎక్కువ మార్కులు వేసిన, దాచుకోను.

నల్లగొండ సార్:
తమ్మీ, మొదటి పాదం గణభంగం. అ, శ్వ, త్థా, మూడూ గురువులే, వరుసగా. సూర్యగణాల్లో ఒక గురువు పక్కన ఇంకో గురువు నిలబడనే నిలబడదు, అందుకని ఆయన్ని ఆటవెలదిలో ముందు వరుసలో కూర్చోబెట్టలేం. అట్లని వదిలేయకు, పాదం చివర రెండు ఇంద్రగణాలున్నాయి కదా, ర గణం (గురువు, లఘువు, గురువు) తోకను, త గణం (గురువు, గురువు, లఘువు) తలను కలిపితే మూడు గురువులు పడతాయి.

వడివడిగను నడచి వచ్చె నశ్వత్థామ

"వచ్చెన" ర గణం, "శ్వత్థామ" త గణం. ఎనిమిది అడుగుల మనిషి, వెనక సీట్లో కాళ్లు చాపుకొని కూర్చున్నాడు చూడు.

నకిరేకల్ తమ్ముడు:
సార్ దండం. అరగంట కొట్టుకున్న ఆ పేరుతోని. ఇంకో డౌటు, "ఏండ్ల కాయన" దగ్గర యతి సరేనా? ఆ, కా.

నల్లగొండ సార్:
సరే. ఏండ్లకు + ఆయన, సంధిలో లోపలున్న "ఆ"కు చెల్లుతుంది.

దేవరకొండ పంతులు:
గణం బాగు చేశారు, అర్థం ఎవరు బాగు చేస్తారు? అశ్వత్థామ చిరంజీవి. చావే లేనివాడికి చితి ఎవరు పేర్చారు నాయనా? భారతంలో సౌప్తిక పర్వంలో కృష్ణుడు ఇచ్చిన శాపం మూడువేల ఏండ్లు తిరగమని. సినిమావాళ్లు దాన్ని ఆరువేలు చేశారు. ఎందుకంటే కలియుగం మొదలు క్రీస్తుపూర్వం 3102 అని లెక్క, దానికి 2898 కలిపితే సరిగ్గా 6000. పేరులో ఆ అంకె అట్ల వచ్చింది. సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒక ఏడు తగ్గుతుందనుకోండి, అది నాబోటి పనిలేనివాళ్ల గోల.

నకిరేకల్ తమ్ముడు:
పంతులుగారూ, వేరేవాళ్ల చితి మీద చలి కాచుకుంటున్నడు అనుకోండి.

దేవరకొండ పంతులు:
"వీడి" అంటే విడిచిపెట్టి, కాచుకొని కాదు. అయినా ఆ సమర్థన పద్యం కన్నా బాగుంది, మార్కులు ఇస్తున్నాను. ఇక నా పూరణ కూడా పడేస్తాను, ఎంతసేపు ఊరికే కూర్చోను.

వీరభక్తు డొకడు విడుదలనాడీల్గె
కాలు నిప్పు నడుమ కదలె నొడలు
డప్పుమోత వినగ డాన్సు చేసెదనంచు
చితిని వీడి వచ్చి సినిమ చూసె

సూర్యాపేట:
ఈల్గె అంటే?

దేవరకొండ పంతులు:
చచ్చె.

గద్వాల:
పంతులుగారూ, ఒక పాదంలో ఈల్గె, ఇంకో పాదంలో డాన్సు. పట్టు పంచె మీద టీషర్టు వేసినట్టున్నది.

దేవరకొండ పంతులు:
విడుదల రోజున మీ ఊరి హాలు ముందర నిలబడి చూడు, అదే వేషంలో పదిమంది కనబడతారు. కటౌటుకు పాలాభిషేకం, నోట్లో మంత్రం, కాళ్లకు బూట్లు. పద్యం కూడా కాలాన్ని బట్టే.

నల్లగొండ సార్:
"కాలు నిప్పు" దగ్గర ఒక్క క్షణం కాలూ చెయ్యీ అనుకున్నాను, తర్వాత కాలుతున్న నిప్పు అని వెలిగింది. ఉండనీయండి, ఆ తడబాటు కూడా బాగుంది.

హుజూర్‌నగర్:
అందరూ శవాలను లేపుతున్నరు. నేను ఎవర్నీ చంపకుండనే పూరించిన చూడండి.

ఫోను లోనె జూచు పుణ్యాత్ము డీతడు
హాలు ముఖమె చూడ డారు నెలలు
అప్పు చేసి టికెటు నర్పించి నే పిలి
చితిని వీడిఁ వచ్చి సినిమ చూసె

పాలమూరు పిల్ల:
అన్నా మూడో పాదం మధ్యలో ఆగిపోయింది, పిలి ఏంది?

నల్లగొండ సార్:
ఆగలేదమ్మా, కింది పాదంతో కలిపి చదువు. నే పిలిచితిని వీడి, వచ్చి సినిమ చూసె. చితి లేదు, శవం లేదు! పాతకాలపు అవధానుల విరుపు ఇది, సమస్యలో ఉన్న మాటను రెండు ముక్కలు చేసి ముందరి ముక్కను పై పాదంలో దాచేయడం. నేను ఈ పాదం ఇచ్చినప్పుడు ఇది నాకే తట్టలేదు.

దేవరకొండ పంతులు:
విరుపు అమోఘం. ఒక్క సందేహం, "వీడిని పిలిచితిని" అనాలి, మనిషి కాబట్టి ద్వితీయా విభక్తి ఊరికే పోదు.

హుజూర్‌నగర్:
అందుకేగా అరసున్న పెట్టిన. వీడిన్, వీడిఁ. వానిన్, వానిఁ లాగ.

దేవరకొండ పంతులు:
కనబడలేదు నాయనా, ఫోన్లో అరసున్న చీమ తలకాయంత ఉంటుంది. ఒప్పుకున్నాను.

హుజూర్‌నగర్:
సినిమా మీద మాట కూడా రాయమన్నరు కదా. నెల రోజులకు ఓటీటీలో వస్తదని హాలుకు రానోళ్ల మీద నాకు కోపం లేదు, ఇంటిల్లిపాది పోతే టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగు కలిపి నాటు కూలీ పైసలు అయితయి. కానీ కామెడీ ఒక్కటి మాత్రం ఒక్కడివే ఫోన్లో చూడకు. పక్కోడు నవ్వకపోతే సగం జోకులు పేలవు. యాక్షన్ అయినా ఫోన్లో చూడొచ్చు, ముందుకు జరుపుకుంటూ.

సూర్యాపేట:
ఇంతకూ ఆ పుణ్యాత్ముడు ఎవరు?

మిర్యాలగూడ మిల్లు:
నేనే. సినిమా అయినంక బిర్యానీ నేను తినిపించిన, ఆ సంగతి పద్యంలో పెట్టలేదు చూడు.

హుజూర్‌నగర్:
యతి కుదరలే అన్నా.