ప్రతిభావంతులైన పిల్లల క్విజ్ పోటీలు టీవీలో ప్రసారం కావాలా?

బ్రాడీపేట తండ్రి, గుంటూరు:
ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయిని హైదరాబాదులో చిత్రీకరించే ఒక టీవీ క్విజ్‌కు పిలిచారు. ఒప్పంద పత్రంలో దృశ్యాలను ఏ మాధ్యమంలోనైనా, ఎంతకాలమైనా వాడుకునే హక్కు నిర్మాతలదేనన్న షరతు చూసి సంతకం చేయకుండా ఆగాను. అమ్మాయి మాత్రం వెళ్తానని పట్టుబడుతోంది. పంపవచ్చునా?

పటమట ఉపాధ్యాయిని, విజయవాడ:
తప్పక పంపండి. 2001లో కౌన్ బనేగా కరోడ్‌పతి జూనియర్‌లో కోటి రూపాయలు గెలిచిన రవిమోహన్ సైనీ అప్పుడు విశాఖలో చదువుకుంటున్న పదో తరగతి విద్యార్థి. తరువాత ఐపీఎస్ అధికారి అయ్యారు. మన బెజవాడలో పిల్లల తెలివికి ర్యాంకు తప్ప వేరే కొలత లేదు. ఫలితాలు వచ్చిన మర్నాడే బెంజి సర్కిల్ చుట్టూ హోర్డింగుల మీద పాస్‌పోర్టు ఫొటోలు, హాల్‌టికెట్ నంబర్లు వెలుస్తాయి. దానికి అభ్యంతరం చెప్పనివారు, సిలబస్‌లో లేని సంగీతం గురించో పక్షుల గురించో అడిగే పోటీని మాత్రం ఎందుకు తప్పుపడతారో నాకు అర్థం కాదు.

సత్యనారాయణపురం పెద్దాయన:
అమ్మా, గెలిచిన ఒక్కరి కథ చెప్పారు, ఓడినవారి మాటేమిటి? 1972లో మొదలై, రేడియో మీదుగా 1992లో టీవీకి వచ్చిన బోర్న్‌విటా క్విజ్‌లో బడి తరఫున జట్టుగా కూర్చునేవారు కాబట్టి, ఓటమి బడి ఖాతాలో పడేది. బ్రిటన్‌లో ఛానల్ 4 ప్రసారం చేసిన చైల్డ్ జీనియస్‌లో అలా కాదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఒంటరిగా పోటీపడ్డారు, ప్రేక్షకుల్లో కూర్చున్న కన్నవారి ముఖకవళికలనూ కెమెరా వదలలేదు. జవాబు తెలిసినా బజర్ అరక్షణం ఆలస్యంగా నొక్కిన పిల్ల కంటతడి పెట్టుకుంటే, ఆ ముక్క ఒక్కటే యూట్యూబులో మిగులుతుంది, ఆ పిల్ల ఇంటర్‌లో చేరిన తరువాత కూడా. అందుచేత ఆ తండ్రి సంతకం చేయకుండా ఆగిన షరతే అసలు సమస్య, క్విజ్ కాదు.

అరండల్‌పేట న్యాయవాది:
బాలకార్మిక నిబంధనలకు 2017లో చేసిన సవరణలు టీవీ క్విజ్‌లకూ వర్తిస్తాయి. చిత్రీకరణ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి ఉండాలి, అంటే గుంటూరులో కాదు, హైదరాబాదులో. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదు. పిల్ల ఇష్టానికి వ్యతిరేకంగా పాల్గొనేలా చేయరాదు. వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అనుమతి ప్రతిని అడగండి. అడిగితే నొచ్చుకునే నిర్మాతల దగ్గరికి పంపకపోవడమే మేలు. వాడకపు హక్కుకు కాలపరిమితి పెట్టమనీ, ఏడ్చే దృశ్యాలు మీ అంగీకారం లేనిదే ప్రసారం చేయరాదనీ రాయించుకోవచ్చు.

సత్యనారాయణపురం పెద్దాయన:
ఆ ఐదు గంటల లెక్క స్టూడియోలోనే కదా. ఇంట్లో రాత్రి పదకొండు దాకా రాజధానులూ కరెన్సీలూ వల్లె వేయించే తండ్రిని ఏ కలెక్టరు ఆపుతాడు?

బ్రాడీపేట తండ్రి, గుంటూరు:
ఆ మాట నాకే తగిలింది. షరతు మార్చమని రాస్తున్నాను. కలెక్టరు అనుమతి ప్రతి కూడా అడుగుతున్నాను.