కళింగపట్నంలో బీచ్ ఇల్లు: పడమటి గది రాత్రికీ చల్లబడట్లేదు

కళింగపట్నంలో సెలవులకని చిన్న డాబా కట్టుకున్నాం. సముద్రం అర కిలోమీటరు. పడమటి గదితోనే ఇబ్బంది: మే నెలలో రాత్రి 10 గంటలకి బయట 30 డిగ్రీలుంటే లోపల 35. శ్లాబు 5 అంగుళాలు, పడమటి గోడ 9 అంగుళాల ఇటుక. ఆ గోడకి కిటికీ లేదు, నీడా లేదు.

మార్చిలో డాబా మీద తెల్ల కూల్ పెయింట్ రెండు కోటింగులు వేయించాం. పగలు కాస్త నయం, రాత్రి మామూలే. ఫాల్స్ సీలింగ్ డబ్బు దండగ. టన్నున్నర ఏసీ రెండు గంటలు తిరిగితే గానీ 28కి రాదు. పైన రేకులు వేయమంటున్నారు గానీ, 2018లో తిత్లీ తుపాను చూశాక ఆ మాటంటేనే టెన్షన్.

ఈ ఏడాది ఒక్క పనికే డబ్బుంది. పడమటి గోడకి కిటికీ పెట్టించి సన్‌షేడ్ వేయించడమా, డాబా మీద ఇన్సులేషన్ షీట్లు పరిచి టైల్స్ వేయించడమా, ఏది ముందు చేయించాలి?