పాత కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్ రావడం లేదు: ఇంజను మార్చాలా?

రాజోలు వాసి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2006లో కొన్న పెట్రోల్ కారును ఇప్పటికీ నేను నడుపుతున్నాను. నిన్న పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 1.8 శాతం, హైడ్రోకార్బన్లు 410 పీపీఎం (పది లక్షల వంతుల్లో 410) వచ్చాయి. ఆ కాలపు కార్లకు హద్దు 0.5 శాతం, 750 పీపీఎం కనుక మొదటిదానిలోనే తప్పింది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చి నెల కాలేదు. అయినా విప్పి చూస్తే ప్లగ్గుల కొనలు లాంతరు చిమ్నీ లోపలిలా పొడి మసితో నల్లబడి ఉన్నాయి. బండి రోజూ ఇంటి నుంచి చెరువుల దాకా, కాలువ గట్టు మీద మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగుతుంది. పరీక్ష లేకుండానే కాగితం ఇప్పిస్తామన్నవారు ఉన్నారు గానీ, ఆ పొగ పీల్చేది మా ఊరి పిల్లలే కనుక నాకు మనసొప్పలేదు. ఇంజను మార్చక తప్పదంటారా?

పాలకొల్లు నుంచి:
ముందు సైలెన్సర్ గొట్టం చూపించండి. సముద్రపు గాలికి మన బండ్ల అడుగుభాగం త్వరగా తుప్పు పడుతుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న జాయింటు లీకైతే బయటి గాలి లోపలికి చేరి, పెట్రోల్ తగ్గిందని సెన్సర్ పొరబడి, ఇంకా ఎక్కువ పోయిస్తుంది.

రావులపాలెం మెకానిక్:
అయ్యా, ఇంజను జోలికి పోకండి. హైడ్రోకార్బన్లు హద్దులో ఉండి కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే పెరిగిందంటే, ప్లగ్గులు సరిగానే మండిస్తున్నాయి గానీ గాలికి మించి పెట్రోల్ పడుతోందని అర్థం. నడిపేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తోంది? వేసవిలో ఇంజను వేడెక్కుతుందన్న భయంతో కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ వాల్వును తీసి పారేస్తారు. ఈ అలవాటు చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అది లేకపోతే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఎప్పుడూ రేడియేటర్‌లోకి తిరుగుతూనే ఉండి ఇంజను తగిన వేడికి చేరదు, ఇంకా చల్లగానే ఉందని కారులోని కంప్యూటర్ పెట్రోల్ అదనంగా పోస్తూనే ఉంటుంది. మీవి మూడు కిలోమీటర్ల ప్రయాణాలు కావడంతో పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌కు కూడా పనిచేసేంత వేడి అందదు. రేడియేటర్ ఎగువ గొట్టం విప్పి, వాల్వు ఉన్నదో లేదో చూడండి.

రాజోలు వాసి:
మీరు చెప్పినట్లే ఉంది. ముల్లు పావు వంతు దాటడం లేదు. గొట్టం విప్పితే వాల్వు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. సైలెన్సర్ వెనుక భాగంలో చిన్న రంధ్రం కూడా కనిపించగా వెల్డింగ్ చేయించాను. కొత్త వాల్వు వేయించి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి, ఇంజను ఆపకుండా నేరుగా పరీక్షకు పెట్టాను. కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతానికి, హైడ్రోకార్బన్లు 180కి దిగాయి. ఆరు నెలలకు సర్టిఫికెట్ ఇచ్చారు. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.

రావులపాలెం మెకానిక్:
చాలా సంతోషం. కూలెంట్ తగ్గినప్పుడు మాత్రం బోరు నీళ్లు పోయకండి. తీరం వైపు ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. కొత్త వాల్వు కూడా తుప్పు పట్టి బిగుసుకుపోతుంది.