‘అచ్చుతప్పు’ నాణెం అంటే ఏది?

మిత్రులకు నమస్కారం.

మన నాణేల సేకరణ బృందంలో ఎవరైనా పాత నాణెం ఫొటో పెడితే కింద “అచ్చుతప్పు నాణెం అండీ, జాగ్రత్తగా దాచుకోండి” అన్న వ్యాఖ్య ఒకటి తప్పకుండా వస్తుంది. మాట చక్కగా ఉంది. కానీ బొమ్మ పక్కకి జరిగినదానికీ, అక్షరాలు జంటగా పడినదానికీ, ఎవరో సుత్తితో కొట్టి చదును చేసినదానికీ అదే మాట వాడుతున్నాం. సేకరించేవాళ్ళకి ఈ తేడాలే ప్రాణం. అందుకని ‘అచ్చు’ దగ్గర మొదలుపెట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అచ్చు ద్రావిడ మాట. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ దాదాపు ఇదే అర్థంతో ఉంది. (అచ్చులు, హల్లులు అన్నప్పటి అచ్చు వేరు. అది పాణిని ప్రత్యాహారం ‘అచ్’ నుంచి వచ్చింది.) మన వాడుకలో పనిముట్టుకీ, దానితో తయారైనదానికీ ఇదే పేరు. బెల్లం పోసేదీ అచ్చే, అందులోంచి వచ్చిన ముక్కా అచ్చే. ‘అచ్చోసిన ఆంబోతు’లోని అచ్చు, దేవుడి పేరు మీద వదిలిన ఆంబోతు ఒంటి మీది ముద్ర. ‘అచ్చు గుద్దినట్టు’ అన్న పలుకుబడిలోనైతే పని కూడా కనిపిస్తుంది. నాణెం తయారయ్యేది సరిగ్గా అలాగే. రెండు ఉక్కు అచ్చులు, వాటి మధ్య లోహపు బిళ్ళ, బిళ్ళ పక్కలకి సాగిపోకుండా చుట్టూ ఒక కడియం. ఒక్క గుద్దుకి బొమ్మా బొరుసూ రెండూ పడతాయి.

ఇప్పుడు తేడా ఎక్కడ పుట్టిందో చూడాలి. అచ్చులోనే ఉంటే, ఆ అచ్చు పక్కన పడేసేదాకా దాని కింద నలిగిన ప్రతి నాణెంలోనూ అదే తేడా, అదే చోట ఉంటుంది. అచ్చు బాగానే ఉండి గుద్దేటప్పుడు ఏదైనా జరిగితే ఆ లోపం ఆ ఒక్క నాణేనిదే. పుస్తకంలో అక్షరం తప్పు కూర్చితే ప్రతులన్నిటిలో ఉంటుంది, కాగితం మడతపడితే ఆ ఒక్క ప్రతిలోనే ఉంటుంది కదా, అలాగన్నమాట. మొదటిదాన్ని ‘అచ్చుభేదం’ అనీ, రెండోదాన్ని ‘ముద్రణ లోపం’ అనీ అందామని నా సూచన. పాఠభేదం మనకి అలవాటైన మాట కాబట్టి అచ్చుభేదం చెవికి కొత్తగా ఉండదు. పైగా భేదం అంటే తప్పు అన్న తీర్పు రాదు. ఇది నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే కావాలని చేసిన భేదాలు బోలెడు.

మన హైదరాబాదు నాణేలే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి మీద, ద్వారంలో ‘మీమ్’ అక్షరం ఉంటుంది. ఆయన పేరులో మొదటి అక్షరం అది. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అదే ద్వారంలోకి ‘ఐన్’ వచ్చింది. ఉర్దూ లిపిలో అక్షరానికి మాట మొదట్లో ఒక రూపం, విడిగా రాస్తే ఇంకో రూపం. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి నాణేల్లో ఉన్నది మొదటి రూపం, తోక లేని చిన్న కొక్కెం. తర్వాతివాటిలో కింద తోక చుట్టుకున్న నిండు ఐన్. కేటలాగులు ఈ రెండిటినీ విడివిడిగా చూపిస్తాయి. ద్వారం ఎంత చిన్నదంటే భూతద్దం లేకుండా తేల్చడం కష్టం. ఇందులో ఎవరి పొరపాటూ లేదు. ఒక అక్షరాన్ని మరో రూపంలో చెక్కారు, అంతే. దీన్ని అచ్చుతప్పు అంటే ఆ చెక్కిన చేతికి అన్యాయం చేసినట్టే.

పొరపాటు వల్ల పుట్టిన భేదమూ ఉంది. 1955 నాటి అమెరికా సెంటు అందరూ చెప్పే ఉదాహరణ. అప్పట్లో అచ్చు తయారుచెయ్యడానికి మూల నమూనాని ఉక్కు మీద ఒకటికంటే ఎక్కువసార్లు నొక్కేవారు. రెండోసారి కొంచెం తిరిగి పడింది. దాంతో అంకెలూ అక్షరాలూ జంటలయ్యాయి. అలాంటివి 20 వేలకు పైగా జనంలోకి వెళ్ళాయి. దీన్ని ‘జంట అచ్చు’ అనొచ్చు.

*

ఒక సభ్యుడు అడిగారు: “బిళ్ళని రెండుసార్లు గుద్దినా జంటగానే కనిపిస్తుంది కదండీ. దాన్ని ‘జంట దెబ్బ’ అందామా?”

దెబ్బ వద్దనిపిస్తోందండీ. ‘దెబ్బతిన్న నాణెం’ అంటే అందరికీ పాడైపోయిన నాణెమే గుర్తొస్తుంది. మనకి ‘పోటు’ ఉంది. రోట్లో తల దూర్చి రోకటి పోటుకి వెరవడం అంటామే, ఆ పోటు. పైనుంచి ఒక పనిముట్టు దిగడమే దాని అర్థం. ‘రెండు పోట్ల నాణెం’ అంటే చాలు. బిళ్ళ పక్కకి జరిగి సగం బొమ్మే పడితే ‘పక్కపోటు’. ముందు కొట్టిన నాణెం అచ్చుకి అంటుకుపోయి, తర్వాతి బిళ్ళ మీద అదే బొమ్మ లోపలికి, తిరగబడి పడితే బ్రాకేజ్ అంటాం. ఒకవైపు బొమ్మ ఉబ్బెత్తుగా, రెండోవైపు అదే బొమ్మ గుంటగా ఉంటుంది, బొరుసే ఉండదు. దీనికి ‘గుంటబొమ్మ’ ఎలా ఉంటుందో చెప్పండి.

కరీంనగర్ నుంచి ఒకరి ప్రశ్న: “శాతవాహనుల నాణేల్లో ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ కనిపిస్తుంది. అవీ రెండు పోట్లేనా?”

పోట్లు రెండే, కానీ లోపం కాదండీ. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు ముద్ర. చరిత్రకారులు వీటిని పునర్ముద్రిత నాణేలు అంటారు, ఆ మాటే ఉంచుదాం. చేత్తో కొట్టిన నాణేల విషయంలో ‘పక్కపోటు’ కూడా జాగ్రత్తగా వాడాలి. ఆసఫ్‌జాహీల పాత రూపాయిల్లో అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. రాత మొత్తం పడకపోవడం ఆ రోజుల్లో మామూలే. కడియంలో పెట్టి యంత్రం గుద్దే కాలానికి లోపమైనది అంతకుముందు కాలానికి లోపం కాదు.

“మా తాతగారు హాలీ సిక్కా, కల్దార్ అనేవారు. వాటికీ అచ్చుకీ సంబంధం ఉందా?” అని ఇంకొకరు.

చాలా మంచి ప్రశ్న. నిజాం రూపాయి హాలీ సిక్కా, ఆ మాటకి అర్థం ‘ఇప్పుడు చెల్లే నాణెం’ అని. బ్రిటిష్ రూపాయి కల్దార్. ‘కల్’ అంటే యంత్రం కాబట్టి యంత్రం మీద తయారైనది. ఇక ‘సిక్కా’ అరబ్బీలో మొదట అచ్చుకే పేరు, తర్వాత నాణేనికి అయింది. మన అచ్చులాగే పనిముట్టు నుంచి వస్తువుకి నడిచిన మాట. (116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ 100 కల్దార్‌కి సమానం. నూటపదహార్ల కట్నం అందుకే వచ్చిందంటారు. 516, 1116 కూడా చదివిస్తారు కాబట్టి ఆ మాట నన్ను పూర్తిగా ఒప్పించదు.)

*

నాణెం బయటికి వచ్చాక బెంచివైస్‌లో నొక్కినవీ, యాసిడ్‌లో ముంచినవీ అచ్చుభేదం, ముద్రణ లోపం అన్న రెండు జాతుల్లోనూ చేరవు. వాటిని ‘గాయపడిన నాణేలు’ అంటే సరిపోతుంది. ఇలాంటివాటినే అరుదైన అచ్చుతప్పు పేరుతో అంటగడుతున్నారు. పాత నాణేలు కొంటాం, అమ్ముతాం అంటూ తమ పేరు వాడుకునేవాళ్ళని నమ్మొద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కూడా హెచ్చరించింది.

నాకు ఇంకా తేలనిది మధ్యలో ఉన్న జాతి. అచ్చుకి వెంట్రుకంత పగులు వస్తుంది. నాణేల మీద అది సన్నని ఉబ్బు గీతగా పడుతుంది. పోటు పోటుకీ పగులు పెరిగి, చివరికి అంచున ముక్క ఊడితే అక్కడ బొమ్మ బదులు ముద్ద కనిపిస్తుంది. అలాగే అచ్చు బిగింపు వదులై కొంచెం కొంచెం తిరిగితే, బొమ్మకీ బొరుసుకీ మధ్య కోణం నాణేనికీ నాణేనికీ మారుతుంది. తేడా అచ్చుదే, కానీ ఏ రెండు నాణేల్లోనూ ఒకేలా ఉండదు. వీటిని వరసగా పేర్చి, ఏది ముందు పుట్టిందో చెప్పడం ఈ చదువులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. వాటికి ‘అచ్చు దశ’ అని రాసుకుంటున్నాను, ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి.

ఇంకో మనవి. హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాద్‌కి, 1997లో చర్లపల్లికి మారింది. అక్కడ పనిచేసినవారు మీ ఇళ్ళలో ఉంటే, వాళ్ళు అచ్చుని (డైని), బిళ్ళని, కడియాన్ని పనిలో ఏమని పిలుచుకునేవారో అడిగి ఇక్కడ రాయండి. ఉర్దూ మాటైనా సరే, తెలుగు మాటైనా సరే.