ఫ్లాబర్‌గాస్టెడ్ అన్నాడు, లోడు పంపనా ఆపనా?

అంబాజీపేట కొబ్బరి:
మాది అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారమండి. పొద్దున ముంబయి పార్టీకి వెయ్యి కాయల రేటు వాట్సాప్‌లో పెట్టాను. ఎప్పుడూ హిందీలో గలగలా మాట్లాడే మనిషి, ఇవాళ ఇంగ్లీషులో ‘అయామ్ ఫ్లాబర్‌గాస్టెడ్’ అని కొట్టి ఊరుకున్నాడు. మా అబ్బాయినడిగితే ‘ఆశ్చర్యపోయాడు నాన్నా’ అన్నాడు. అది నాకూ తెలుసు. సంతోషంతో ఆశ్చర్యపోయాడా, కోపంతోనా? లారీకి కాయ ఎత్తించాలా వద్దా? టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు:
ఆ మాటలో కోపమూ లేదు, సంతోషమూ లేదండి. నోట మాట రానంత ఆశ్చర్యం, అంతే. మన ‘అవాక్కయ్యాను’ దానికి అతికినట్టు సరిపోతుంది. మంచికో చెడుకో ముందువెనకల మాటల్ని బట్టి చూసుకోవాలి. 1772లోనే ఇంగ్లండులో ఇది కొత్త ఫ్యాషన్ మాట అని అచ్చులో రాశారు. ఎలా పుట్టిందో ఇప్పటికీ తేలలేదు. కాస్త సరదా మాట కాబట్టి అర్జీల్లో, సంతాప సందేశాల్లో వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఆశ్చర్యానికే వాడే ఇంకో ఇంగ్లీషు మాట ఆస్టోనిష్ సంగతి వేరు. దాని మూలం లాటిన్‌లో ఉరుముకి సంబంధించిన మాట. పిడుగు పడ్డ కొబ్బరిచెట్టుని మీరు చూసే ఉంటారు: మొవ్వు మాడి, మట్టలు వేలాడేసుకుని అలా నిలబడి ఉంటుంది. మొదట్లో ఆ మాటకి అలా దిమ్మెరపోవడమనే అర్థం ఉండేది. ఇప్పుడు పూతరేకు చూసినా ఆస్టోనిష్డ్ అనేస్తున్నారు.

ఆత్రేయపురం కోడలు:
పూతరేకుని అంత తేలిగ్గా తీసేయకండి మాస్టారూ! బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని మా అత్తగారు దాని మీద ఒక్క లాగు లాగితే, రెప్ప వేసేలోపు రేకు లేస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు నోరెళ్లబెట్టి, వీడియో తీయడం కూడా మర్చిపోతారు. అది అమేజ్డ్. డబ్బా రేటు చెప్పాక వాళ్ళ మొహం చూడాలి, అదీ ఫ్లాబర్‌గాస్టెడ్.
అన్నట్టు, మీరు రేటు ఎంత పెట్టారండి?

అంబాజీపేట కొబ్బరి:
ఆయ్, మీరడిగాక చూశానండి. ఓ సున్నా ఎక్కువ కొట్టాను. ఫోన్ చేస్తే పడీపడీ నవ్వాడు. అసలు రేటు చెప్తే దానికీ ఫ్లాబర్‌గాస్టెడ్ అంటున్నాడు. ఇది మాత్రం బేరం.